ఆగినవాడిదే పందెం!

కారు పందెం సీను తెరమీద కొచ్చిందంటే చాలు, హాలంతా ఈలలే ఈలలు! స్టీరింగు మీద హీరోగారి చేతులు, ఆయన కళ్ళు, నుదుటిమీద చెమట బొట్టు, గిర్రున తిరిగే చక్రం, మళ్ళీ ఆయన కళ్ళు... ఎడిటరుగారు ఈ నాలుగు ముక్కల్నే అటు తిప్పి ఇటు తిప్పి మన గుండెల్ని గొంతులోకి తెస్తారు. మరి ఆ చక్రాన్ని బిగించిందెవరు? ఆ సంగతి కెమెరాకి పట్టదు. మనకీ పట్టదు. టిక్కెట్టు కొన్నది హీరో కోసం గదా!

నాకు మాత్రం మొదట్నుంచీ ఆ చక్రం బిగించేవాళ్ళ మీదే కన్ను. అందుకు మా ఊరే కారణం. గోదావరిఖనిలో పుట్టినవాడికి అమ్మ, బాపు అన్న మాటల తర్వాత వచ్చే మాట 'పిట్'. పిట్ ఆఫీసు, పిట్ సెక్రెటరీ... బొగ్గుబాయికి ఇంగ్లీషువాడు పెట్టిపోయిన పేరది. ఇంట్లో మొదటిసారి టీవీలో ఫార్ములా వన్ పందెం చూస్తున్నప్పుడు, "ఇప్పుడు కారు పిట్ లోకి పోతుంది" అని నేను గొప్పగా చెప్పబోయాను. మా చిన్నబాపు (మీ వైపు బాబాయి అంటారు కాబోలు) ఉలిక్కిపడి, "ఏందిరా, కారేసుకొని బాయిల దిగుతడా?" అన్నాడు. ఓపెన్ కాస్టులో డంపర్ల వర్కుషాపు ఫిట్టరుగా ఏళ్ళ తరబడి పని చేసి రిటైరైన మనిషి మరి!

నవ్వకండి. చిన్నబాపు మాట మరీ తీసి పారేసేది కాదు సుమండీ! 1908లో ఫ్రాన్సు దేశంలోని డియెప్ పట్నంలో జరిగిన గ్రాండ్ ప్రీ పందెంలో మెకానిక్కుల కోసం రోడ్డు పక్కన కందకం తవ్వించారు. టైర్లూ, పనిముట్లూ, పెట్రోలూ దగ్గర పెట్టుకొని వాళ్ళు అందులో నిలబడేవారు. నేలలో తవ్విన గొయ్యి గనుక దాన్ని పిట్ అన్నారు. తర్వాత కందకాలు పోయి గ్యారేజీలొచ్చాయి, అద్దాల మేడలొచ్చాయి. పేరు మాత్రం గోతిలోనే ఉండిపోయింది. అలా బొగ్గు గొయ్యికీ పందెం గొయ్యికీ పేరులో చుట్టరికం కలిసింది. పనిలోనూ చుట్టరికం ఉందని నాకు మెల్లగా తెలిసొచ్చింది. ఈ నాలుగు పేజీలూ ఆ సంగతి చెప్పడానికే.

రెండు సెకన్లు – ఇరవై మంది!

పిట్ స్టాప్ అంటే ఏమిటో తెలియని సోదర సోదరీమణుల కోసం ముందుగా కొంచెం వివరం.

ఫార్ములా వన్ కారు గంటకు మూడొందల కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకుంటుంది. టైర్లు అరిగిపోతాయి. పైగా వాన లేని పందెంలో కనీసం రెండు రకాల టైర్లు వాడి తీరాలని రూలు. కాబట్టి ఒక్కసారైనా ఆగక తప్పదు. పిట్ దారిలోకి తిరిగాక వేగానికి కళ్ళెం పడుతుంది. మామూలుగా గంటకు 80 కిలోమీటర్లు, ఇరుకైన మొనాకోలో 60. ఈ కళ్ళెం 1994లో వచ్చింది. ఆ ఏడు ఇమోలా పందెంలో పిట్ దారిలో ఒక కారు చక్రం ఊడి మెకానిక్కుల మీదికి దూసుకెళ్ళింది. ఆ తర్వాతగాని పెద్దలకు తెలివి రాలేదు.

గీసిన గీతమీద కారు కచ్చితంగా ఆగాలి. ఆగీ ఆగకముందే ముందొకరు, వెనకొకరు జాకీలతో పైకెత్తుతారు. ఒక్కో చక్రానికి ముగ్గురు మనుషులు. ఒకరు గన్నుతో నట్టు విప్పుతారు, ఒకరు పాత చక్రం లాగుతారు, ఒకరు కొత్తది తొడుగుతారు. మళ్ళీ గన్నువారే బిగిస్తారు. నాలుగు చక్రాలకు పన్నెండుగురు! కారు ఊగకుండా చెరోపక్క ఒకరు పట్టుకుంటారు. ముక్కు దగ్గరి రెక్కను సర్దడానికి ఇద్దరు. జాకీ మొరాయిస్తే అందుకోవడానికి ఇంకో జాకీతో మరొకరు. వీళ్ళందరి మీదా ఒక కన్నేసి, కారును వదలాలా వద్దా అని తేల్చే మనిషి ఒకరు. వెరసి ఇరవై మంది. పని మొత్తం రెండు, రెండున్నర సెకన్లు!

2019 బ్రెజిల్ పందెంలో రెడ్ బుల్ జట్టువారు 1.82 సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చి ఔరా అనిపించారు. 2023 ఖతార్ పందెంలో మెక్‌లారెన్ వారు లాండో నోరిస్ కారుకు 1.80 సెకన్లలో మార్చి ఆ రికార్డు బద్దలు కొట్టారు. మీరీ వాక్యం చదవడం మొదలెట్టి ముగించేలోపు కారు వచ్చింది, ఆగింది, వెళ్ళిపోయింది!

ఇంకో ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 2020 జులై 19, హంగరీ పందెం. నేల తడిగా ఉంది. పందెం మొదలయ్యే చోటికి కారు తీసుకెళ్తూ మాక్స్ వెర్‌స్టాపెన్ జారి గోడకు గుద్దుకున్నాడు. ముందు చక్రం కడ్డీలు విరిగాయి. ఇక ఈ రోజుకింతే అనుకున్నారంతా. రెడ్ బుల్ మెకానిక్కులు మాత్రం కారును తోసుకొచ్చి, దాని స్థానంలోనే పెట్టి, అక్కడే నేలమీద కూర్చొని రిపేరు మొదలెట్టారు. గ్యారేజీలో గంటకు పైగా పట్టే పని. చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు. గడువుకు సుమారు పాతిక సెకన్లు ఉందనగా చివరి నట్టు బిగించారు. ఆ కారు రెండో స్థానంలో వచ్చింది! కప్పు వెర్‌స్టాపెన్ ఎత్తాడు. ఆయన ఆ రోజు మెకానిక్కులకు చేతులెత్తి దండం పెట్టినంత పని చేశాడనుకోండి. మన సినిమావాడి చేతికి ఈ కథ ఇస్తే ఆ నట్లు హీరోతోనే బిగింపిస్తాడు, అది వేరే సంగతి!

మా ఊరి డంపరు

ఇక మా వైపు రండి. బొగ్గు అంటే మీరు తెరమీద చూసే ఉంటారు. 2023లో నాని నటించిన 'దసరా' కథంతా గోదావరిఖని పక్కన వీర్లపల్లి అన్న ఊరి చుట్టూ తిరుగుతుంది. అంతకుముందు 2021 మొదట్లో 'సలార్' యూనిట్ మా ఓపెన్ కాస్టులో షూటింగు చేస్తే, ప్రభాస్ వచ్చాడని ఊరు ఊరంతా కదిలింది. ఆ గనిలో వరసగా పోతుండే డంపర్లను చూశారా? వాటి టైరు మనిషికన్నా ఎత్తు. దాని పక్కన నిలబడితే ఆరడుగులవాడు కూడా బుడ్డోడిలా కనిపిస్తాడు.

అక్కడ టైరు మార్చడం రెండు సెకన్ల బాగోతం కాదు, గంటల పని. బండిని చదును నేలమీద ఆపాలి. ఇంజను బందు చేయాలి. మిగతా చక్రాల కింద దిమ్మలు పెట్టాలి. మనుషులు పని చేస్తున్నారని డ్రైవరు సీటు దగ్గర బోర్డు తగిలించాలి. ఒక్క మెట్టు దాటేసినా మనిషి మిగలడు. గాలి ఒత్తిడి ఎక్కువున్న ఆ టైరు పేలితే, దాని అంచు రింగు ఎగిరితే, ఎదురుగా ఉన్నవాడికి రెండో ఛాన్సు ఉండదు. అందుకే గాలి కొట్టేటప్పుడు ఎవరూ చక్రానికి ఎదురుగా నిలబడరు.

చూడబోతే రెండు పనులకూ పొంతనే లేదు. అక్కడ కంటిరెప్ప పాటు, ఇక్కడ ఒక పూట. కానీ చిన్నబాపు ఫార్ములా వన్ పిట్ స్టాపును నాతో రెండోసారి, మూడోసారి వేయించుకొని చూసి, "వీళ్ళు ఉరుకుతలేరురా" అన్నాడు. నాకర్థం కాలేదు. "మంచిగ చూడు. ఒక్కడన్న అటూ ఇటూ ఉరుకుతున్నడా? ఎవని జాగల వాడే ఉన్నడు. ఎవని పని వాడే చేస్తున్నడు. ఉరుకుడు లేదు గన్కనే జల్ది అయితున్నది."

అంతే! తర్వాత నేనెన్ని పుస్తకాలు తిరగేసినా ఇంతకన్నా తేలిగ్గా చెప్పినవారు లేరు. తొందర వేరు, వేగం వేరు.

చిన్నబాపు ఉద్యోగంలో ఉండగా జరిగిన ఒక సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. ఓ రోజు సెకండ్ షిఫ్టులో డంపరొకటి చిన్న పని మీద వర్కుషాపు కొచ్చింది. పనయింది. డ్రైవరు చిన్నబాపుకు ప్రాణస్నేహితుడు. ట్రిప్పులు పోతున్నాయని అతని ఆత్రం. చిన్నబాపు అలవాటు ప్రకారం చక్రాల నట్లను సుత్తితో ఒక్కొక్కటే కొట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా ఉన్న నట్టు ఖణేల్ మంటుంది. వదులైనది మొద్దుగా మోగుతుంది. వెనక చక్రం దగ్గర రెండు మూడు మొద్దుగా మోగాయి. "బండి పోదు" అన్నాడు. "ఒక్క ట్రిప్పు ఏసొస్తనే, వచ్చినంక బిగిద్దువు" అన్నాడు స్నేహితుడు. "పోదంటే పోదు." మాటా మాటా పెరిగింది. చివరికి చిన్నబాపు బండి ముందుకెళ్ళి చెయ్యి అడ్డంగా పెట్టి నిలబడ్డాడట! ఆ చక్రమంత ఎత్తు కూడా లేని మనిషి! అన్నీ విప్పి, చూసి, బిగించేసరికి షిఫ్టు అయిపోయింది. ఆ స్నేహితుడు పదిహేను రోజులు మాట్లాడలేదు.

"ఆ రోజు బండి పోతే ఏమయ్యేది?" అని నేనడిగాను.

"ఏమో. ఏం కాకపోవచ్చు గూడ" అన్నాడు చిన్నబాపు.

పాఠకులారా, ఈ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. హీరో ఏం చేశాడో తెరమీద కనిపిస్తుంది. గెలిచాడు, దూకాడు, కొట్టాడు. చిన్నబాపులాంటివాడు చేసిన పనికి ఫలితం ఏమిటి? ఏమీ జరగకపోవడం! రోడ్డు మీద చక్రం ఊడలేదు. ఎవరింట్లోనూ ఏడుపు లేదు. ఏమీ జరగకపోవడాన్ని ఏ కెమెరా తీయగలదు చెప్పండి?

హైదరాబాదులో టైరు మారలేదు

మన తెలుగు గడ్డమీద ప్రపంచస్థాయి కారు పందెం జరుగుతుందంటే మేమాగుతామా? 2023 ఫిబ్రవరి 11, శనివారం. హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం. కరెంటు కార్లన్నమాట. సెక్రెటేరియట్ పక్కనా, లుంబినీ పార్కు దగ్గరా మనం రోజూ తిరిగే రోడ్లే ట్రాకు. చుట్టు 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. మన దేశంలో ఫార్ములా ఈ అదే మొదలు. రామగుండం స్టేషన్లో రైలెక్కి నేనూ చిన్నబాపూ వెళ్ళాం. ఆయన వెళ్ళింది కార్లకోసం కాదు, టైర్లు మార్చేవాళ్ళ కోసం!

పందెం మొదలైంది. పెట్రోలు కారులా ఉరుము లేదు, ఈలలాంటి శబ్దం. పది చుట్లయ్యాయి. "ఇంకెప్పుడు మారుస్తర్రా టైర్లు?" అన్నాడు చిన్నబాపు. ఇరవై చుట్లయ్యాయి. ఎవరూ ఆగరే! పెద్ద తెరమీద చూస్తే ఒకే జాగ్వార్ జట్టువాళ్ళు రెండు కార్లూ ఒకదాన్నొకటి గుద్దుకొని పందెంలోంచి పోయాయి. గ్యారేజీలో మెకానిక్కులు హెల్మెట్లు పెట్టుకొని నిలబడే ఉన్నారు. చివరికి జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. పందెం అయిపోయింది. ఒక్క టైరూ మారలేదు!

అసలు సంగతేమిటంటే, ఆ కార్లకు పందెం మొత్తానికీ ఒకే జత టైర్లు సరిపోతాయి. ఎండకైనా వానకైనా అవే. బ్యాటరీ కూడా చివరిదాకా వస్తుంది. మొదట్లో అలా ఉండేది కాదు. 2014లో ఈ పందేలు మొదలైనప్పుడు బ్యాటరీ సగం దూరానికే చతికిలబడేది. అప్పుడు డ్రైవరు పిట్ కొచ్చి, ఒక కారులోంచి దిగి, పరుగెత్తి, రెండో కారెక్కి పోయేవాడు! గుర్రం అలిసిపోతే ఇంకో గుర్రం మీదికి దూకే మన కత్తి కాంతారావుగారిలా! 2018 చివర్లో కొత్త కార్లు వచ్చాక ఆ ముచ్చట పోయింది. 2025 ఫిబ్రవరిలో జెడ్డా పందెం నుంచి మళ్ళీ ఒక రకం పిట్ స్టాపు పెట్టారు. కారాగితే 30 సెకన్లు గబగబా కరెంటెక్కిస్తారు. 2024లో హైదరాబాదులో జరగాల్సిన రెండో పందెం రద్దయింది. కాబట్టి మన సాగరం ఒడ్డున చూసిన ఆ ఒక్క పందెంలో పిట్ స్టాపన్నదే లేదు.

చిన్నబాపు నిరుత్సాహపడి ఉంటాడని తిరుగు రైల్లో ఓదార్చబోయాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "నిలబడ్డరు గదరా పాపం, ఆఖరి దాక. పని రాలేదంటే ముందుగాల్నే మంచిగ చేసిండ్రన్నట్టు" అన్నాడు. నేనింకేం ఓదార్చను!

పచ్చలైటు తప్పితే...

పిట్ లో అన్నిటికన్నా కష్టమైన పని ఏది? గన్ను పట్టడమా? చక్రం మోయడమా? కాదు. ఇరవై జతల చేతులు పని ముగించాయో లేదో చూసి 'ఇక పో' అనడం. పూర్వం ఒక మనిషి పొడుగాటి కర్రకు బిళ్ళ తగిలించి కారు ముక్కు ముందు పెట్టి నిలబడేవాడు. బిళ్ళ పైకెత్తితే పొమ్మని అర్థం. చూడ్డానికి పిల్లలు చప్పరించే పుల్ల మిఠాయిలా ఉంటుందని దాన్ని లాలీపాప్ అనేవారు. తర్వాత ఆ చోట లైట్లొచ్చాయి. ఎర్రలైటు ఉన్నంతసేపు ఆగాలి. పచ్చలైటు వస్తే పోవాలి.

2008 సెప్టెంబరు 28, సింగపూరు. ఫార్ములా వన్‌లో తొలి రాత్రి పందెం. అందరికన్నా ముందున్న ఫెలిపె మాస్సా పిట్ కొచ్చాడు. అప్పట్లో ఆగినప్పుడు పెట్రోలు కూడా నింపేవారు. (2010 నుంచి అది బందు.) పెట్రోలు గొట్టం ఇంకా కారులోనే ఉంది. పచ్చలైటు వెలిగింది! మాస్సా తప్పేముంది? లైటు చూసి తొక్కాడు. గొట్టం తెగి, తోకలా వేలాడుతూ కారుతోపాటు పోయింది. ఎర్ర దుస్తుల ఫెరారీ మెకానిక్కులు పిట్ దారి పొడుగునా దాని వెంట పరుగెత్తారు. గొట్టం ఊడబెరికేసరికి అందరూ వెళ్ళిపోయారు. మాస్సాకు ఆ రోజు ఒక్క పాయింటూ దక్కలేదు. ఏడాది చివర లెక్క చూస్తే హామిల్టన్‌కు 98, మాస్సాకు 97. ఒక్క పాయింటుతో ప్రపంచ ఛాంపియన్ పట్టం పోయింది!

పాయింటు పోతే పోయింది, మళ్ళీ ఏడాది ఉంటుంది. 2018లో బహ్రెయిన్‌లో కిమి రైకొనెన్ కారుకు వెనక ఎడమ చక్రం ఇంకా మారనే లేదు. లైటు మాత్రం పచ్చగా మారింది. కారు కదిలింది. ఎదురుగా నిలబడ్డ మెకానిక్కు కాలు విరిగింది. ఆ దృశ్యం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు.

ఆ తర్వాత 2021లో పెద్దలు ఓ కొత్త నిబంధన పెట్టారు. నట్టు బిగిసిందని తెలిశాక జాకీ దించడానికి, దించాక పచ్చలైటు ఇవ్వడానికి మధ్య సెకనులో కొద్ది వంతైనా వ్యవధి ఉండాలట. యంత్రం చెప్పింది గదా అని యంత్రమే వదిలేయకూడదు, మనిషి చూసి ఒప్పుకోవాలన్నమాట. సెకనులో వెయ్యో వంతుకోసం ప్రాణం పెట్టే ఆటలో, కొంచెం ఆగండని రూలు రాశారు చూడండి! మా వర్కుషాపులో సుత్తి చప్పుడు వినేవరకూ బండి కదలకూడదన్నదీ అదే రూలు గదా అనిపించింది నాకు.

హీరో కారు దిగాడు

ఇది సినిమా పత్రిక గనుక సినిమా మనిషి కథ ఒకటి చెప్పాలి. అదీ మన సికిందరాబాదులో పుట్టిన మనిషిది. తమిళంలో సూపర్ స్టారైనా, 1993లో 'ప్రేమ పుస్తకం'తో మన తెరమీద హీరోగా కనిపించిన అజిత్ కుమార్ మీకు తెలుసు. ఆయనకు కారు పందేల పిచ్చి ఈనాటిది కాదు. 2010లో ఫార్ములా టూ పందేల్లో పాల్గొన్నాడు. తర్వాత ఎన్నో ఏళ్ళకు సొంత జట్టు పెట్టి, 2025 జనవరిలో దుబాయి 24 గంటల పందెానికి వెళ్ళాడు.

24 గంటల పందెం అంటే పిట్ వాళ్ళ పందెం అనుకోండి. ఒక పగలూ ఒక రాత్రీ కారు తిరుగుతూనే ఉండాలి. ఒకే డ్రైవరు నడపలేడు. వంతులవారీగా దిగుతారు, ఎక్కుతారు. దిగేవాడు బెల్టు విప్పాలి, ఎక్కేవాడికి బిగించాలి. టైర్లు, పెట్రోలు, బ్రేకులు చూసుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి డ్రైవరు కాసేపు కునుకు తీయొచ్చు, పిట్ లోనివాడు తీయకూడదు. మా ఊళ్ళో నైట్ షిఫ్టు చేసినవాళ్ళకు ఈ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు.

పందెానికి ముందు ప్రాక్టీసులో అజిత్ కారు బ్రేకులు పని చేయక గోడకు గుద్దుకొని గిరగిరా తిరిగింది. ఆ వీడియో ఊరూరా తిరిగింది. అదృష్టవశాత్తూ ఆయనకేమీ కాలేదు. అప్పుడేం చేశాడు? మన కథల్లో అయితే కట్టు కట్టుకొని, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌తో మళ్ళీ అదే కారెక్కాలి! అజిత్ మాత్రం జట్టు మేలుకోరి తన ప్రధాన కారు నడపడం మానుకున్నాడు. యజమానిగా నిలబడి, ఆ కారును మిగతా డ్రైవర్లకు వదిలి, తాను ఇంకో చిన్న తరగతి కారులో తన వంతు నడిపాడు. ఆయన వదిలిన ఆ ప్రధాన కారు తన తరగతిలో మూడో స్థానంలో నిలిచింది. మూడు రంగుల జెండా పట్టుకొని ఆయన మురిసిపోవడం మీరూ చూసే ఉంటారు.

తన పేరున్న కారు, తన డబ్బు, చూడ్డానికొచ్చిన వేలాది అభిమానులు... అన్నీ 'ఎక్కు, ఎక్కు' అంటుండగా 'నేను దిగుతున్నాను' అనడం! నాకు ఆయన సినిమాలన్నిట్లోకీ ఆ సీనే గొప్పగా తోచింది.

ఆసుపత్రికి పాకిన విద్య

ఈ పిట్ విద్య పందెాలతో ఆగలేదు. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ అని పిల్లల ఆసుపత్రి ఉంది. గుండె ఆపరేషనైన పసివాణ్ణి థియేటర్లోంచి ఇంటెన్సివ్ కేరుకు మార్చే ఆ కొద్ది నిమిషాలే మహా గండం. వైర్లు, గొట్టాలు, శ్వాస యంత్రం అన్నీ ఒకచోట విప్పి మరోచోట తగిలించాలి. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరో ఒకటి మరిచిపోతారు. ఓ రోజు అలసిపోయి టీవీలో ఫార్ములా వన్ చూస్తున్న ఇద్దరు డాక్టర్లకు, మనం చేసేదీ ఇదేగదా అని తట్టింది. ఫెరారీ జట్టువారిని కలిశారు. తమ పనిని వాళ్ళకు చూపించారు. ఎవరి చోటు వారికి గీశారు. ఏది ముందు, ఏది వెనక అన్నది రాసుకున్నారు. అనవసరపు మాటలు మానేశారు. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పనీ చేతికి తీసుకోకుండా అంతా గమనించే మనిషినొకరిని పెట్టుకున్నారు. లాలీపాప్ మనిషన్నమాట! పొరపాట్లు తగ్గాయని 2007లో అచ్చువేసి మరీ చెప్పారు.

చదివి వినిపిస్తే చిన్నబాపు, "మా రెస్క్యూ పోరగాళ్ళు చేసేది గదే" అన్నాడు. నిజమే! రామగుండంలో సింగరేణివారి మైన్స్ రెస్క్యూ స్టేషన్ ఉంది. గనిలో విషవాయువు నిండినా, మంట లేచినా, ఆక్సిజన్ యంత్రం వీపున కట్టుకొని లోపలికి పోయేది వాళ్ళే. 2025 ఫిబ్రవరి 22న ఎస్.ఎల్.బి.సి. సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయినప్పుడు సింగరేణి రెస్క్యూ జట్లు వెళ్ళి రోజుల తరబడి ఆ బురదలో పని చేశాయి. ఆ జట్టుకొక నాయకుడుంటాడు. కొద్ది కొద్దిసేపటికి ప్రతివాడి ఆక్సిజన్ ఎంతుందో చూడడం ఆయన పని. ఒక్కడికి తేడా వచ్చినా జట్టు జట్టంతా వెనక్కి రావాల్సిందే. మిగతావాళ్ళం ముందుకు పోతాం అనడానికి లేదు. ముందుకు పొమ్మని మనసు పీకుతున్నప్పుడు వెనక్కి తిప్పడం... అబ్బ, ఎంత కష్టమో ఊహించండి!

గనిలో సర్దార్ పనీ అంతే. షిఫ్టు మొదలయ్యేముందు కర్రతో కప్పు తట్టి చూస్తాడు. బిగువుగా ఉన్న బండ ఖంగుమంటుంది, విడిన బండ డొల్లగా పలుకుతుంది. చూశారా, మా చిన్నబాపు సుత్తీ, సర్దార్ కర్రా అన్నదమ్ములు! బాగాలేదనుకుంటే మనుషుల్ని అక్కడ్నుంచి తీసేసి, దారికి అడ్డం కట్టించాలి. అది చట్టమిచ్చిన బాధ్యత. మా ఊరికి ఈ మాటల విలువ తెలుసు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోకి నీళ్ళు ముంచుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. ఇన్నేళ్ళయినా జూన్ నెల వానకు మా గల్లీలో ఎవరో ఒకరు ఆ మాట ఎత్తుతారు. అందుకే ఇక్కడ షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మనిషిని ఎవరూ గెలిచావా అని అడగరు. "వచ్చినవా?" అంటారు. ఆ ఒక్క మాటలో అంతా ఉంది.

ఈల ఎవరికి?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేసు సినిమా చూసొచ్చిన రాత్రి రాజీవ్ రహదారి మీద బైకులు ఎలా పోతాయో నేనెరుగుదును. నేనూ ఆ దారినే ఇంటికి పోవాలి గదా! ఒక్క సంగతి గుర్తుంచుకోండి. తెరమీద మూడొందల వేగంతో పోయేవాడి వెనక ఇరవై మంది ఉన్నారు. ఇంకా గ్యారేజీలో మరికొందరు, డాక్టర్లు, అంబులెన్సు, జెండాలు పట్టుకొని మలుపు మలుపుకూ మనుషులు. మీ బండి వెనక ఎవరున్నారు? టైరులో గాలి చూసుకున్నది ఎప్పుడు? ఎర్రలైటు చూపించేవాడు లేనివాడు తన ఎర్రలైటు తానే వెంట తెచ్చుకోవాలి.

2025లో వచ్చిన బ్రాడ్ పిట్ సినిమా 'ఎఫ్ వన్'లో టైరు గన్ను పట్టే అమ్మాయి పాత్ర ఒకటుంది. హాల్లో నా పక్కన కూర్చున్న కుర్రాడు ఆ అమ్మాయి కనిపించినప్పుడల్లా ముందుకు వంగి చూశాడు. నాకెంత ముచ్చటేసిందో! ఇన్నాళ్ళకు కెమెరా చక్రం దగ్గరికి వంగిందన్నమాట. మన సినిమాల్లో కూడా లైటు పట్టేవాళ్ళు, ట్రాలీ తోసేవాళ్ళు, హీరో దూకాల్సిన చోట తాడు ముడిని మూడోసారి లాగి చూసేవాళ్ళు ఉన్నారు. "ఈ తాడు బాగాలేదు, షాటు ఆపండి" అని ఫైటరొకడు అన్నప్పుడు లక్షల ఖర్చూ పక్కనపెట్టి ఆపిన యూనిట్టే మంచి యూనిట్టు. వాళ్ళ పేర్లు సినిమా చివర్లో పైకి పోతుంటాయి. అప్పటికి మనం స్కూటర్ స్టాండులో ఉంటాం!

ఈసారి రేసు సీను వచ్చినప్పుడు హీరోగారికి వేయాల్సిన ఈలలు వేయండి, కాదనను. కానీ కారు పిట్ లో ఆగినప్పుడు ఒక్కసారి పక్కకు చూడండి. అందరూ వంగి పని చేస్తుంటే ఒక్కడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంటాడు. పొమ్మనడానికి తొందర పడని ఆ చేతికి కూడా ఒక ఈల వేయండి. గట్టిగా!